రామనగర నిర్మాత ఆంధ్రరత్న

ఇల్లు వీడి వచ్చినవారికి కూడును నీడయు సమకూర్చిన చాలునని అధికారులు తలంచుట పరిపాటి. కాని గుడిసెలో తలదాచుకొన్నంతమాత్రమున మనుజుని పౌరత్వము నశింపదు. తన వీధిని, తన తగవును తానే చక్కదిద్దుకొను శక్తి వానికి గలదు. ఈ సత్యమును తెలుగునాట 1921లో ఆచరణమున జూపినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

వారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తలిదండ్రులను గోల్పోయి బంధువుల ప్రాపున పెరిగిరి. బాపట్ల తాలూకా కచేరిలో కొంతకాలము కొలువు చేసిన పిదప, మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో సీమకేగి ఎడింబరోలో ఎం.ఏ. పట్టము బడసిరి. ఆనంద కుమారస్వామిగారితో గూడి వారు గావించిన అభినయదర్పణ ఆంగ్లానువాదము 1917లో వెలువడెను. స్వదేశమున ఉపాధ్యాయవృత్తి యవలంబించిరి గాని యది వారికి పొసగలేదు. తుదకు చీరాల చేరి, రామదండు అను స్వచ్ఛందసేవక దళమును నెలకొల్పిరి. 1921లో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును అదుపున నుంచినది ఆ దండే.

చీరాల పేరాలలు నేతపనివారు మిక్కిలిగా గల యూళ్లు. 1919లో దొరతనమువారు వీనికి పురపాలక సంఘము నేర్పరచిరి. దానితో సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయలకు బెరిగెను. ప్రజల విన్నపములు ఫలింపలేదు. పన్ను నిరాకరించిన కొందరు చెరసాల కేగిరి. వారిలో స్త్రీయు నుండెను. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి, శాంతముగా పన్ను నిరాకరించుటయో, పురమునే వీడిపోవుటయో మార్గమని తెలిపెను. గోపాలకృష్ణయ్యగారు రెండవదానిని వరించిరి. పురపాలక సంఘపు టెల్లలు దాటినచో దాని పన్నుకు తావే లేదు గదా!

రమారమి 15,000 జనులలో 13,000కు పైబడినవారు మండువేసవిలో ఇండ్లు వాకిండ్లు వీడి, ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. అదియే రామనగరము. అచట సర్కారు పాలన మారుగా ప్రజాపాలన నెలకొనెను. అన్ని కులములవారును ఎన్నుకొన్న ప్రతినిధులతో సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు మధ్యవర్తుల న్యాయస్థానము వెలసెను. రామదండు శాంతిభద్రతలు కాపాడెను. ఇట్లు పదునొకండు నెలలు గడచెను.

ఇంతలో గోపాలకృష్ణయ్యగారు బరంపురమున నిషేధాజ్ఞ నుల్లంఘించి నిర్బంధితులై, ఒక సంవత్సరము తిరుచిరాపల్లి చెరసాలలో నుండవలసి వచ్చెను. నాయకుడు లేడు, ధనము కరవాయెను, ఎండవానలకు జనులు డస్సిరి. తుదకు వారు తమ యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచెను. ఆంధ్రరత్న బిరుదాంకితులగు ఆ మహనీయులు క్షయరోగపీడితులై, నలువదేండ్లు నిండకమున్నే, 1928 జూన్ 10వ తేదీన అస్తమించిరి.

రామనగరము ఓడెనని కొందరందురు. పన్ను విషయమున అది నిజమే. ఒక్క నాయకునిపై అంత భారము మోపుటయు, సుదీర్ఘ పోరాటమునకు వలయు నిధి కూర్చుకొనకపోవుటయు లోపములే. కాని నిలువ నీడలేని వేలాదిజనులు తమ్ము తామే పాలించుకొనగలరన్న విషయమున అది ఓడలేదు. బర్మానుండి తిరిగివచ్చిన తెలుగువారి స్మృతి విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేటపేరున నేటికిని నిలిచియున్నది. తుపాను వచ్చిన ప్రతిపర్యాయము మన తీరమున శిబిరములు వెలయుచునే యున్నవి. ఆ శిబిరములందు బియ్యము పంచువారు, అచటివారిచేతనే సంఘమొకటి యెన్నిక చేయించి, పంపక భారమును దానికి అప్పగింతురుగాక. అదియే ఆంధ్రరత్నకు తగిన నివాళి.