మూడు నిమిషాల రాగం: కలకత్తా గౌహర్ జాన్

రేడియోలో పాత గ్రామఫోను రికార్డులు వినే శ్రోతలకు ఒక స్త్రీ కంఠం పరిచితమే. సూది గరగరల మధ్య నుంచి పైకి లేచి, దాదాపు మూడు నిమిషాల్లో పాట ముగించి, చివర ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకుంటుంది. ఆ పలుకులో కొంత అతిశయం ధ్వనిస్తుంది గాని, నిజానికది పని అవసరం. కలకత్తాలో మైనపు పలకపై నమోదైన పాట జర్మనీలోని హానోవర్ చేరితేగాని రికార్డుగా అచ్చయ్యేది కాదు. ఏ పాట ఎవరిదో అక్కడి పనివారికి తెలియడం కోసమే ఆ ప్రకటన. ఆ పేరు గౌహర్ జాన్.

ఆమె 1873 జూన్ 26న ఆజంగఢ్‌లో ఆర్మీనియా మూలాలున్న క్రైస్తవ కుటుంబంలో జన్మించింది. తొలి పేరు ఏంజెలీనా. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి కుమార్తెతో కాశీ చేరి, ఇస్లాం స్వీకరించి, మల్కా జాన్ అనే పేరుతో గాయనిగా స్థిరపడింది. 1883లో వారు కలకత్తా వచ్చారు. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా అప్పటికి నగర శివారు మటియాబుర్జ్‌లో కొలువుదీరి ఉన్నాడు. ఆయన వెంట వచ్చిన కళాకారులతో కలకత్తా హిందుస్తానీ సంగీతానికి పెద్ద నెలవైంది. గౌహర్ అక్కడే పెరిగింది. బిందాదీన్ మహరాజ్ వద్ద కథక్ అభ్యసించింది. 1887లో దర్భంగా ఆస్థానంలో తొలి కచేరీ చేసింది.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ పక్షాన ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, ఒక హోటల్ గదిలో యంత్రాలు అమర్చాడు. అప్పటికి మైక్రోఫోను లేదు. గోడకు బిగించిన పెద్ద బాకా నోట్లోకి తల వంచి బిగ్గరగా పాడాలి. మెల్లగా పలికిన గమకం మైనం మీద పడదు. యంత్రం గొంతును దొంగిలిస్తుందని జంకిన గాయకులు ఆ రోజుల్లో కొందరున్నారు. గౌహర్ జంకలేదు.

ఆమె అసలు ఘనత ఇక్కడే ఉంది. గంటసేపు పరచుకొనే రాగానికి యంత్రం ఇచ్చిన వ్యవధి మూడు నిమిషాలు. ఆమె ఆలాపన దాదాపుగా వదలి, రాగం ముఖం తెలిపే పలుకులతో నేరుగా పల్లవి అందుకొని, చురుకైన లయలో తానాలు గుప్పించి, సమయం మిగల్చకుండా ముగించేది. దీనివల్ల రాగం కుదించుకుపోయిందన్న విమర్శలో కొంత నిజముంది. అయితే ఆనాటి మెహఫిళ్లు ఆ రాత్రులతోనే పోయాయి; మనకు మిగిలింది ఈ మూడు నిమిషాలే. ఆమె పాడిన జోగియా, భైరవి నేటికీ వినవచ్చు. 1902 నుంచి 1920 వరకు పదికి పైగా భాషల్లో సుమారు 600 రికార్డులు ఇచ్చిందని చరిత్రకారులు లెక్కగట్టారు.

కీర్తితో పాటు ధనమూ వచ్చింది. అగ్గిపెట్టెల మీద ఆమె బొమ్మ అచ్చయింది. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు సందర్భంగా అలహాబాదుకు చెందిన జానకీబాయితో కలిసి పాడింది. ఊరంతా ఎరిగిన ఆ గాయనికి తన పుట్టుకను న్యాయస్థానంలో నిరూపించుకోవలసిన స్థితి కూడా వచ్చింది. మల్కా జాన్ అసలు వారసుణ్ణి తానేనని ఇంట్లో పెరిగిన ఒక వ్యక్తి ఆస్తికై దావా వేశాడు. గౌహర్ గెలిచింది. ఆ తర్వాత తనకన్నా వయసులో చిన్నవాడైన కార్యదర్శి అబ్బాస్‌ను వివాహమాడింది. ఆ బంధమూ కోర్టుకే చేరింది. వ్యాజ్యాలలో సంపద కరిగిపోయింది. తవాయిఫ్ వృత్తిలో ఉన్న స్త్రీకి సంఘం కచేరీకి ఇచ్చిన గౌరవం వేరు, కష్టకాలంలో ఇచ్చిన ఆసరా వేరు.

1927 ఆగస్టు 26న కలకత్తాలో రేడియో కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. ఏడాది తిరిగేసరికి, 1928 ఆగస్టులో, గౌహర్ మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ ఆస్థానంలో చేరింది. 1930 జనవరి 17న ఆ ఊరిలోనే కన్నుమూసింది. ఐదేళ్ల తర్వాత, 1935లో, అదే మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి తన ఇంట్లో చిన్న ప్రసార యంత్రం నెలకొల్పి, దానికి ఆకాశవాణి అని పేరు పెట్టారు.