సమయాన్ని సంపాదించుకున్న విద్యార్థి - బాబాసాహెబ్ అంబేద్కర్

మన హాస్టళ్లలో అందరి నోటా వినిపించే మాట ఒకటుంది. టైం లేదు. ఉదయం స్టడీ అవర్, స్నానాలకు క్యూ, టిఫిన్, కాలేజీ, సాయంత్రం ఆటలు, మళ్లీ స్టడీ అవర్. ఇక పాఠ్యపుస్తకం కాని పుస్తకం చదవడానికి, సొంతంగా నాలుగు వాక్యాలు రాయడానికి తీరిక ఎక్కడిదని అనుకుంటాం. వార్షికోత్సవ సంచికకు రచనలు ఇమ్మని అడిగితే మనలో చాలామంది ఇచ్చే జవాబు కూడా ఇదే. అందుకే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి జీవితాన్ని ఈసారి ఈ వైపు నుంచి చూద్దామనుకున్నాం. రాజ్యాంగ రచన గురించి మనందరికీ తెలుసు. అంత రాయగలిగిన మనిషి చదవడానికి, రాయడానికి సమయం ఎలా సంపాదించుకున్నారన్నది మనం తక్కువగా మాట్లాడుకునే విషయం.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారుగా పనిచేశారు. సతారాలో కొంతకాలం చదివాక కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో మిల్లు కార్మికులు ఉండే చాల్‌లో వారికి దొరికింది ఒకే ఒక గది. వంట, పడక, సామాన్లు, చదువు అన్నీ అందులోనే. పగలు పుస్తకం తెరిచే వీలు లేదు. అందుకు తండ్రి ఒక ఉపాయం చేశారు. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను మేల్కొని ఉండి, రాత్రి 2 గంటలకు లేపేవారు. అందరూ నిద్రపోతుండగా ఆ అబ్బాయి దీపం ముందు తెల్లవారేదాకా చదువుకునేవాడు.

సాయంత్రాలు ఒక తోటలో కూర్చుని చదువుకునే ఆ కుర్రవాణ్ణి కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించి పుస్తకాలు ఇస్తూ వచ్చారు. 1907లో మెట్రిక్ పాసైనప్పుడు జరిగిన అభినందన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుని చరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చారు. తర్వాత బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఉపకారవేతనంతో అంబేద్కర్ ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బి.ఏ. పూర్తిచేశారు.

1913లో అదే మహారాజు సహాయంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. వేతనం నెలకు పదకొండున్నర పౌండ్లు, గడువు మూడేళ్లు. అందులోనే ఇంటికీ పంపాలి. ఆ మూడేళ్లలో ఒక్క ఆర్థికశాస్త్రంలోనే 29 కోర్సులు చేశారు. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం వేరే. 1915లో ఎం.ఏ. పొందారు. 1916 మే నెలలో భారతదేశంలోని కులాల గురించి ఒక సెమినార్‌లో వ్యాసం సమర్పించారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. క్లాసు కోసం తయారుచేసిన ఆ పత్రాన్ని వందేళ్లు దాటినా ఇంకా చదువుతున్నారు. చేతికందిన డబ్బుతో పాత పుస్తకాల షాపుల్లో పుస్తకాలు కొనడం కూడా అక్కడే అలవాటైంది.

అక్కడి నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. కానీ ఉపకారవేతనం గడువు ముగియడంతో 1917లో చదువు సగంలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. అది మొదటి ప్రపంచయుద్ధకాలం. ఆయన పుస్తకాలు వేరే ఓడలో వస్తుండగా ఆ ఓడ శత్రువుల దాడిలో మునిగిపోయింది. పైసా పైసా కూడబెట్టి కొన్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి.

ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే ఊళ్లో ఎవరూ అద్దెకు గది ఇవ్వలేదు. చివరికి ఒక పార్సీ సత్రంలో, పేరు మార్చి చెప్పి ఉండవలసి వచ్చింది. పై అంతస్తులో ఆయన ఒక్కరే. చుట్టూ పాత సామాను, ఎగిరే గబ్బిలాలు. కరెంటు లేదు. సత్రం కాపలాదారు తెచ్చిపెట్టే చిన్న లాంతరు వెలుగు జానెడు దూరం కూడా పడేది కాదు. ఆ వెలుగులోనే చదువుతూ తన ఒంటరితనాన్ని మరచిపోయేవాణ్ణని ఆయనే తర్వాత రాసుకున్నారు. పదకొండో రోజున కొందరు కర్రలతో వచ్చి ఆయన్ను వెళ్లగొట్టారు. అమెరికాలో ఎం.ఏ. చేసి వచ్చిన మనిషి ఆ రోజు రాత్రి రైలు వేళ వరకు పార్కులో కూర్చోవలసి వచ్చింది. ఇది చదివినప్పుడు మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. అయితే అంత అవమానం మధ్య కూడా ఆయన పుస్తకం మూయలేదన్నది గుర్తుంచుకోవలసిన మాట.

1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. మంచి జీతం. మరొకరైతే అక్కడ స్థిరపడేవారు. ఆయన మాత్రం ఇంటి ఖర్చుకు కొంత ఇచ్చి మిగిలింది లండన్ చదువుకు దాచారు. పాఠాలు చెబుతూనే 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక ప్రారంభించారు. అదే సంవత్సరం పొదుపు సొమ్ము, కొల్హాపూర్ ఛత్రపతి శాహూ మహారాజు సహాయం, మిత్రుడు నవల్ భథేనా ఇచ్చిన అప్పు తీసుకుని మళ్లీ లండన్ వెళ్లారు. ఉదయం లైబ్రరీ తలుపు తెరవగానే లోపలికి వెళ్లి, మూసేవేళ బయటికి వచ్చేవారు. మధ్యాహ్నం తిండి మానుకునేవారు. బండి ఛార్జీ మిగులుతుందని నడిచేవారు. రాత్రి ఆకలేస్తే అప్పడాలతో సరిపెట్టుకుని మళ్లీ చదువుకు కూర్చునేవారు.

ఆ సమయం ఊరికే రాలేదు. అక్కడ ఆయన తిండి తగ్గించుకుంటే, ఇక్కడ బొంబాయిలో భార్య రమాబాయి చాలీచాలని డబ్బుతో సంసారం ఈదారు. ఆ దంపతులకు పుట్టిన పిల్లల్లో పెరిగి పెద్దవాడైనది యశ్వంత్ ఒక్కడే. రమాబాయి 1935లో కన్నుమూశారు. ఆయన చదివిన ప్రతి గంటలోనూ ఆమె కష్టం ఉంది. మన చదువుల వెనుక కూలికి వెళ్తున్న అమ్మానాన్నలను తలచుకుంటే ఈ విషయం మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

లండన్‌లో సమర్పించిన డి.ఎస్సీ. సిద్ధాంత వ్యాసాన్ని మార్చి రాయమని పరీక్షకులు తిప్పి పంపారు. 1923లో ఇండియాకు వచ్చి, లాయరుగా కొత్త జీవితం మొదలుపెడుతూనే దాన్ని తిరగరాసి పంపారు. ఆ ఏడాదే డిగ్రీ వచ్చింది. రూపాయి సమస్య మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం అదే.

ఇంత కష్టపడి చదువుకున్న మనిషి తర్వాత చేసిన మొదటి పనుల్లో ఒకటి హాస్టల్ తెరవడం! 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. 1925లో ఆ సభ షోలాపూర్‌లో దళిత విద్యార్థులకు వసతిగృహం ప్రారంభించింది. ఆ హాస్టల్ పిల్లలు సరస్వతీ విలాస్ పేరుతో ఒక మాసపత్రిక కూడా నడిపారు. అంటే మన చేతిలో ఉన్న ఈ సంచికకు ఒక పెద్దక్క అప్పుడే ఉందన్నమాట. ఒంటిగదిలో రాత్రి 2 గంటలకు లేచి చదివిన కష్టం తర్వాతి పిల్లలకు ఉండకూడదని ఆయన కోరుకున్నారు. వాళ్లకు ఒక కప్పు, ఒక దీపం, ఒక స్టడీ అవర్ కావాలనుకున్నారు.

ఆ తర్వాత కూడా ఆయనకు తీరిక దొరికింది లేదు. 1927లో మహద్ పోరాటం నడుస్తుండగానే బహిష్కృత భారత్ పత్రికలో అధిక భాగం తానే రాసేవారు. 1953లో మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. అప్పటికి ఆరోగ్యం దెబ్బతిన్నా రాత ఆగలేదు. 1956 డిసెంబరు 5 రాత్రి ఢిల్లీలో, బుద్ధుడి గురించి రాసిన తన గ్రంథానికి ముందుమాట చూసుకుని పడుకున్నారు. మరునాటి ఉదయానికి లేరు. ఆ పుస్తకం 1957లో అచ్చయింది.

మిత్రులారా, మనందరం రాత్రి 2 గంటలకు లేవాలని గానీ, అన్నం మానుకోవాలని గానీ మేము చెప్పడం లేదు. కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయి చదువుకునే రోజు రావాలనే ఆయన హాస్టల్ తెరిచారు. మన స్టడీ అవర్‌కు అంత చరిత్ర ఉంది. అందులో రోజూ ఒక అరగంట పాఠం కాని పుస్తకానికి, ఒక పేజీ మన ఊరి గురించి, మన అమ్మ గురించి రాయడానికి కేటాయించుకుందాం. వచ్చే సంచికకు ఆ పేజీలే మనకు కావాలి.