బస్తర్ చివరి ప్రభువు: సంతకూ గనికీ నడుమ ఒక జీవితం

జగదల్‌పూర్ : బస్తర్ వారపు సంతలలో ఉప్పు, చింతపండు, ఇప్పపువ్వు, అల్యూమినియం గిన్నెలు, ఇటీవలి కాలంలో సెల్‌ఫోన్ చార్జర్లు అమ్మే వరుసల నడుమ పటాల అంగడి కూడా తరచుగా కనిపిస్తుంది. అక్కడ దంతేశ్వరీ దేవి పటం పక్కనే పొడవాటి జుట్టు గల ఒక యువకుని చిత్రం ఉంటుంది. 1966 మార్చి 25న తన రాజప్రాసాదంలోనే పోలీసు కాల్పులకు బలియైన మహారాజా ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ చిత్రమది. సంస్థానం పోయింది, రాజభరణం పోయింది, చివరకు రాజుగా ప్రభుత్వ గుర్తింపు కూడా పోయింది. అయినప్పటికీ ఆయన పటానికి గిరాకీ మాత్రం తగ్గలేదు.

తెలుగువారికి ఈ వంశం పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యాన్ని స్థాపించినట్లు ఆ వంశ చరిత్ర చెబుతుంది. వెనుదిరిగి చూడకుండా సాగిపోతే అడుగు పెట్టినంత మేర రాజ్యం దక్కుతుందని అమ్మవారు వరమిచ్చినట్లూ, శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద ఇసుకలో అందెల సవ్వడి ఆగిపోవడంతో అన్నమదేవుడు వెనుదిరిగి చూసినట్లూ, దేవి అక్కడే దంతేశ్వరిగా వెలసినట్లూ ఐతిహ్యం. వంశక్రమంపై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. అయితే ప్రవీర్ చంద్ర తన పేరు చివర కాకతీయ అని వ్రాసుకునేవారు. పూర్వపు బస్తర్ దక్షిణ భాగంలోని భోపాలపట్నం, కోంటా ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

ప్రవీర్ చంద్ర 1929 జూన్ 25న జన్మించారు. తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి చిన్న వయస్సులోనే 1922లో సింహాసనాన్ని అధిష్ఠించారు. మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడైన ప్రఫుల్ల చంద్ర భంజ్ దేవ్‌ను ఆమె వివాహమాడడంతో భంజ్ దేవ్ అనే పేరు బస్తర్ వంశానికి వచ్చింది. 1936లో ఆమె లండన్‌లో శస్త్రచికిత్స అనంతరం మరణించారు. అప్పటికి ఇంకా బాలుడైన పెద్ద కుమారుడు రాజయ్యాడు. తండ్రికి పాలనలో చోటు దక్కలేదు. బాలుని పెంపకమూ సంస్థాన పరిపాలనా బ్రిటిష్ అధికారుల చేతులలోకి వెళ్ళాయి. రాయ్‌పూర్‌లోని రాజకుమార్ కళాశాలలో చదివిన ఈ బాలునికి తన ప్రజల భాష కంటె పాలకుల భాషే ముందుగా పట్టుబడింది.

ఆయన తాతగారైన రుద్రప్రతాప్ దేవ్ హయాంలోనే బస్తర్ ఒక పెద్ద తిరుగుబాటును చవిచూసింది. అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో వచ్చిన ప్రతిపాదన, వెట్టి, పన్నులు, వాటికి తోడైన కరవులు 1910 నాటి భూమ్‌కాల్‌కు దారితీశాయి. మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిప్పి ఆదివాసులు పరస్పరం సమాచారం పంపుకున్నారు. వారి ఆగ్రహం ముందుగా తాకిన చోటు కోట కాదు, సంత. అంగళ్ళను దోచి ధాన్యాన్ని పంచుకున్నారు. వ్యాపారుల ఇళ్ళు, పోలీసు ఠాణాలు, పాఠశాలలు దగ్ధమయ్యాయి.

దీనిని గ్రహించాలంటే బస్తర్ సంత స్వరూపం తెలియాలి. బయటి ప్రపంచంతో ఆదివాసికి ఉన్న ప్రధాన సంబంధం అదొక్కటే. అడవిలో పండనిది, కొండలో దొరకనిది ఉప్పు. దాని కోసం అతడు సారపప్పు, చింతపండు, ఇప్పపువ్వు మోసుకుని కోసుల దూరం నడిచి వచ్చేవాడు. సారపప్పుకు సరితూకంగా ఉప్పు కొలిచి ఇచ్చిన వ్యాపారం స్వాతంత్ర్యానంతరం కూడా చాలా ఏళ్ళు సాగింది. పట్టణాలలో సారపప్పు ధర ఎంతో ఆదివాసికి తెలియదు. వ్యాపారికి మాత్రం రెండు ధరలూ తెలుసు. వస్త్రం, పూసలు, కిరోసిన్, టార్చిలైటు, రేడియో ఇలా ఒక్కొక్క కొత్త వస్తువూ ఆ సంత ద్వారానే అడవికి చేరింది. వస్తువు అవసరం పెరిగిన కొలదీ అప్పు కూడా పెరిగింది.

1947 జులైలో ప్రవీర్ చంద్రకు పూర్తి అధికారాలు లభించాయి. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిది. అధికారం అనుభవించినది కొన్ని నెలలే అయినా, ఆ కాలం సామాన్యమైనది కాదు. బైలదిల్లా కొండలలోని మేలైన ఇనుప ఖనిజంపై హైదరాబాద్ నిజాం ప్రభుత్వం కన్ను వేసింది. రాజు మైనరుగా ఉండగానే గనులను కౌలుకు తీసుకునే ప్రయత్నాలు సాగాయి. బ్రిటిష్ రాజకీయ శాఖ అందుకు సుముఖంగా ఉన్నట్లు తెలియడంతో సర్దార్ పటేల్, వి.పి. మీనన్ జోక్యం చేసుకుని ఆ ప్రయత్నానికి అడ్డుకట్ట వేశారు. చత్తీస్‌గఢ్ సంస్థానాధీశులు 1947 డిసెంబరులో నాగపూర్‌లో విలీన ఒప్పందాలపై సంతకాలు చేశారు. 1948 జనవరి 1న పాలన మధ్యపరగణాల ప్రభుత్వానికి సంక్రమించింది. బస్తర్, కాంకేర్ సంస్థానాలు కలిసి ఒకే జిల్లాగా ఏర్పడ్డాయి. వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ జిల్లా కేరళ రాష్ట్రం కంటె కూడా పెద్దది.

రాజ్యం లేని రాజుగా ఆయన తొలి సంవత్సరాలు ప్రశంసింపదగినవిగా లేవు. ధనాన్ని విచ్చలవిడిగా వెచ్చించేవారు, పంచిపెట్టేవారు. దర్బారు అలవాట్లు వదులుకోలేదు. ఎస్టేటు నిర్వహణ అధ్వాన్నంగా ఉన్నదన్న కారణంతో 1953లో ప్రభుత్వం ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి తెచ్చింది. మైనరుగా ఉండగా అధికారుల సంరక్షణలో పెరిగిన వ్యక్తి ఇరవై నాలుగేళ్ళ వయస్సులో మరల వారి సంరక్షణలోకే వెళ్ళవలసి వచ్చింది. ఈ అవమానాన్ని ఆయన ఏనాడూ మరువలేదు. ఆయన తదుపరి రాజకీయాలన్నీ ప్రజాసేవ నుండే పుట్టాయనడం ఎంత అతిశయోక్తో, కేవలం ఆస్తి కోసమే సాగాయనడం అంతే అన్యాయం.

ఎందుకంటే ఆదివాసులు ఆయనను చూసిన దృష్టి వేరు. బస్తర్ రాజు దంతేశ్వరికి ప్రధాన పూజారి. మట్టికీ దేవికీ మధ్యవర్తి. డెబ్బై అయిదు రోజుల పాటు సాగే దసరా ఉత్సవంలో ఒక్కొక్క తెగకు, ఒక్కొక్క గ్రామానికి నిర్దిష్టమైన విధి ఉంటుంది. రథానికి కలప తెచ్చేవారు వేరు, రథం చేసేవారు వేరు, తాళ్ళు పేనేవారు వేరు, లాగేవారు వేరు. మారియా, మురియా, భత్రా, హల్బా, ధుర్వా తెగల వారందరినీ ఒక్కచోటికి చేర్చగల వ్యవస్థ ప్రభుత్వానికి లేదు. రాజుకు ఉన్నది. అధికారులకు కంటగింపైనది కూడా ఇదే.

1955లో ఆయన ఆదివాసీ కిసాన్ మజ్దూర్ సేవా సంఘం స్థాపించారు. 1957లో కాంగ్రెస్ అభ్యర్థిగా జగదల్‌పూర్ నుండి మధ్యప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ స్నేహం ఎంతో కాలం నిలువలేదు. వివాదానికి మూలం ఆస్తి ఒక్కటే కాదు. పట్టా భూములలోని టేకు, సాల వృక్షాలపై రైతుకు హక్కు లభించడంతో కలప వ్యాపారులు గ్రామాలపై పడ్డారు. విలువైన చెట్లు నామమాత్రపు సొమ్ముకు చేతులు మారాయి. దీనిని అరికట్టేందుకు ప్రభుత్వం 1956లో ప్రత్యేక చట్టం చేసింది. చట్టం వచ్చినా వ్యాపారం ఆగలేదు. 1990 దశకంలో ఇదే మాలిక్ మక్బూజా కుంభకోణంగా సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది.

ఇంతలో రెండు భారీ పథకాలు బస్తర్‌ను చుట్టుముట్టాయి. తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన శరణార్థుల పునరావాసానికి కేంద్రం 1958లో దండకారణ్య ప్రాజెక్టును నెలకొల్పింది. ఒరిస్సాలోని మల్కన్‌గిరి, ఉమర్‌కోట్ ప్రాంతాలతో పాటు బస్తర్‌లోని కొండగావ్, పరల్‌కోట్ ప్రాంతాలు ఇందుకు ఎంపికయ్యాయి. అదే సంవత్సరం జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడింది. బైలదిల్లా నుండి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజాన్ని సరఫరా చేసేందుకు 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చేందుకు తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. రోడ్డు సైతం సరిగా లేని అడవికి రైలు వచ్చింది. అయితే అది ముందుగా వచ్చింది మనుషుల కోసం కాదు, రాయి కోసం.

జనాభా లెక్కలు ఈ మార్పును స్పష్టంగా పట్టి చూపుతాయి. 1901లో బస్తర్ సంస్థాన జనాభా 3,06,501. జగదల్‌పూర్‌లో నివసించినవారు 4,762 మంది మాత్రమే. 1941 నాటికి సంస్థాన జనాభా ఆరు లక్షలు దాటింది. కాంకేర్‌తో కలిసిన జిల్లా జనాభా 1961లో పదకొండు లక్షలు మించింది. 2011 నాటికి అదే భూభాగంలో ముప్ఫై లక్షల మందికి పైగా లెక్కకు వచ్చారు. ఇందులో సహజమైన పెరుగుదల ఎంత, వలస ఎంత అన్నది గ్రామస్థునికి పట్టని లెక్క. తమ అడవిలో తాము తక్కువైపోతున్నామన్న భయం మాత్రం 1960ల నాడే అతని మనసులో నాటుకున్నది. ఆ భయానికి గొంతు దొరికిన చోటు రాజప్రాసాదం. శరణార్థుల దోషం ఇందులో లేదు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవారిని మరొకరి భూమిపై నిలబెట్టిన పథకంలో ఉభయులూ బాధితులే.

1961 ఫిబ్రవరిలో ప్రవీర్ చంద్రను నివారక నిర్బంధ చట్టం క్రింద అరెస్టు చేశారు. వెనువెంటనే రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఆయనకు పాలకునిగా గుర్తింపు రద్దయింది. తమ్ముడు విజయ్ చంద్ర భంజ్ దేవ్‌ను ప్రభుత్వం మహారాజుగా గుర్తించింది. కాగితం మీద రాజును మార్చడం సులభమే. ఆదివాసులు ఆ కాగితాన్ని అంగీకరించలేదు. తమ రాజును విడిచిపెట్టాలని కోరుతూ వేలాదిగా కదిలారు. మార్చి 31, శుక్రవారం నాడు లోహండీగూడ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు డజనుకు తగ్గరు. అనంతరం విడుదలైన ఆయన ఆ ఏడాదే రాజస్థాన్‌కు చెందిన పాటన్ రాజకుటుంబపు కన్యను వివాహమాడారు. 1962 సార్వత్రిక ఎన్నికలలో ఆయన బలపరచిన అభ్యర్థులు బస్తర్‌లోని అత్యధిక శాసనసభా స్థానాలను గెలుచుకున్నారు. కాల్పులకు వోటరు ఇచ్చిన సమాధానం అది.

చివరి సంవత్సరాలలో ఆయన జీవన విధానం మారింది. జుట్టు పెంచారు. యోగాభ్యాసం చేశారు, యోగంపై గ్రంథం కూడా వ్రాశారు. తన పోరాటాన్ని వివరిస్తూ ఆంగ్లంలో వెలువరించిన పుస్తకానికి పెట్టిన పేరులో తన్ను తాను ఆదివాసుల దైవంగా పేర్కొన్నారు. విమర్శకులకు ఇది మతిభ్రమణంగా తోచింది. అయితే సంతలో ఉప్పు కొనే మనిషి ఆయనను అప్పటికే దైవంగా భావిస్తున్నాడన్న విషయాన్ని వారు పట్టించుకోలేదు.

1965, 1966 సంవత్సరాలలో దేశమంతటా అనావృష్టి, ఆహార ధాన్యాల కొరత నెలకొన్నాయి. బస్తర్‌లో ధాన్యం లెవీ వసూళ్ళపై అసంతృప్తి పెల్లుబికింది. పండించిన వడ్లు ప్రభుత్వ గోదాముకు పోగా ఇంటిలో తిండి గింజలు కరవైన కుటుంబాలు ప్రాసాదం వైపే చూశాయి. మహిళలు ఊరేగింపులు జరిపారు. నిరాహార దీక్షలు సాగాయి. చైత్ర మాసపు ఉత్సవానికి ఆదివాసులు జగదల్‌పూర్ చేరుకున్న తరుణంలో పోలీసులతో ఘర్షణ తలెత్తింది. మార్చి 25న పోలీసులు ప్రాసాదాన్ని చుట్టుముట్టారు. బాణాలకు తుపాకులు బదులిచ్చాయి. అరవై ఒక్క తూటాలు పేలినట్లూ, ప్రవీర్ చంద్రతో కలిపి పన్నెండు మంది మరణించినట్లూ అధికారిక లెక్క. బస్తర్‌లో ఆ లెక్కను నమ్మినవారు తక్కువ. అది కూడా శుక్రవారమే. ఆయన వయస్సు ముప్ఫై ఆరు. ముఖ్యమంత్రి ద్వారకా ప్రసాద్ మిశ్రా ప్రభుత్వంపై పార్లమెంటులోనూ వెలుపలా తీవ్ర విమర్శలు చెలరేగాయి. జస్టిస్ కె.ఎల్. పాండే విచారణ జరిపారు.

రెండేళ్ళకు, 1968లో, బైలదిల్లా 14వ నిక్షేపం నుండి ఖనిజం తవ్వకం మొదలైంది. విశాఖ మీదుగా జపాన్ చేరిన ఆ ఖనిజం ఉక్కుగా మారింది. ఆ ఉక్కు కార్లుగా, యంత్రాలుగా ప్రపంచ విపణిలోకి వెళ్ళింది. తమ కొండ రాయి ఏ వస్తువుగా మారి ఎవరి ఇంటికి చేరిందో తెలిసే అవకాశం కొండ క్రింద నివసించే వారికి లేదు. జగదల్‌పూర్ చేరువలోని నగర్‌నార్‌లో ఉక్కు కర్మాగారం ప్రారంభమయ్యేసరికి 2023 అక్టోబరు వచ్చింది.

రాజు మరణించాడని చాలా గ్రామాలు నమ్మలేదు. 1970ల తొలినాళ్ళలో బాబా బిహారీదాస్ అనే సాధువు తానే ప్రవీర్ చంద్రనని, తూటాలు తగిలి ఒంటి రంగు మారిందని చెప్పుకుని వేలాది మందికి కంఠీమాలలు వేశాడు. మాంసం, మద్యం మానాలని బోధించాడు. ఆ మాటకు కట్టుబడి ఆహారపు అలవాట్లు మార్చుకున్న గ్రామాలున్నాయి. వోట్ల కోసం రాజకీయ పక్షాలు సైతం ఆ సాధువును ఆశ్రయించడం విశేషం.

పూర్వపు బస్తర్ జిల్లా 1998లో మూడుగా, క్రమంగా ఏడు జిల్లాలుగా విడిపోయింది. 2000 నవంబరు 1 నుండి ఆ భూభాగం చత్తీస్‌గఢ్ రాష్ట్రంలో భాగమైంది. దసరా ఉత్సవం నేటికీ డెబ్బై అయిదు రోజులు జరుగుతుంది. కొత్త కలపతో రథం తయారవుతుంది, కొత్త తాళ్ళతో గ్రామస్థులు లాగుతారు. పూర్వం ఆ రథంపై రాజు ఆసీనుడయ్యేవాడు. ప్రవీర్ చంద్ర కాలం ముగిసిన తరువాత రథంపై దంతేశ్వరీ దేవి ఛత్రాన్ని మాత్రమే ఉంచుతున్నారు.