సేలంలో కొత్త ముఖం: షేక్ చిన మౌలానా

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం పూట పాటో, నాటకమో, సన్మానమో ఏదో ఒకటి ఉంటుంది. నారాయణగూడ, అశోక్‌నగర్ హాస్టళ్లలో పరీక్షలకు చదువుతూ పాట మీద ఇష్టం చంపుకోలేని కుర్రాళ్లకు దగ్గర్లో ఉన్న వేదిక అది. మొదటిసారి మైకు ముందుకొచ్చే ఎవరికైనా ఒకటే దడ: ముందు కూర్చున్నవాళ్లు మనల్ని ఒప్పుకుంటారా?

ఇలాంటి పరీక్షే 1960లో తమిళనాడులోని సేలంలో ఒక తెలుగు ముస్లిం కళాకారుడికి ఎదురైంది. ఆయనే షేక్ చిన మౌలానా. అప్పటికి వయసు ముప్పై అయిదు దాటింది. సొంత ప్రాంతంలో పేరున్నా అక్కడ మాత్రం కొత్త ముఖమే.

ఇంటి విద్య

చిన మౌలానా 1924 మే 12న ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. ఇంట్లో తరతరాలుగా నాదస్వరమే బతుకుతెరువు. ఆ ప్రాంతంలో గుళ్లో ఉత్సవానికైనా, ఊళ్లో పెళ్లికైనా సన్నాయి ఊదేది చాలాచోట్ల ముస్లిం కుటుంబాలే. మన పెద్దవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంటికొచ్చాక నమాజు, పొద్దున్నే గుడి దగ్గర మంగళవాద్యం. రెండూ ఒకే జీవితంలో ఇమిడిపోయాయి.

మొదటి పాఠాలు తండ్రి ఖాసిం సాహెబ్ దగ్గరే. తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు. రాగాన్ని విస్తరించి వాయించడంలో చిలకలూరిపేట బాణీకి పేరుంది.

నాదస్వరం అంత తేలిగ్గా లొంగే వాద్యం కాదు. వేళ్లు ఆడించేది ఏడు రంధ్రాల మీదే. మిగతా స్వరాలన్నీ రంధ్రాన్ని సగం మూసి, పెదవులు బిగించి, ఊపిరి తగ్గించి, పెంచి పలికించాలి. పక్కన డోలు మోగుతుంటుంది. ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం కాబట్టి మైకు అక్కర్లేదు, గుండెల్లో దమ్ము కావాలి.

మళ్లీ శిష్యుడిగా

ఆ రోజుల్లో నాదస్వరం అంటే టి.ఎన్. రాజరత్నం పిళ్లై. ఆయన తంజావూరు బాణీ చిన మౌలానాను పట్టేసింది. అభిమానంతోనే ఆగిపోకుండా నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర ఆ బాణీ నేర్చుకున్నారు. చేతిలో ఇంటి విద్య ఉన్నవాడు మళ్లీ మొదటి మెట్టు మీద కూర్చోవడం చిన్న విషయం కాదు. భాష వేరు, ఊరు వేరు. ఆ వాద్యం అక్కడ కొన్ని కుటుంబాల వారసత్వం.

సేలంలో వాయించే నాటికి రాజరత్నం పిళ్లై పోయి నాలుగేళ్లే. ఆయన్ను చెవులారా విన్న జనం ముందు, అదే బాణీలో, ఒక తెలుగు సాహెబు ఊదాలి. పోల్చి చూడకుండా ఎవరుంటారు? అయినా జనం మెచ్చారు. ఆ తర్వాత తమిళనాట కచేరీలకు పిలుపులు మొదలయ్యాయి. కొన్నేళ్లకు ఆయన శ్రీరంగానికి కాపురం మార్చారు. చివరిదాకా అదే ఆయన ఊరు.

నిజానికి ఆయన మాతృభాష ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. తంజావూరు దగ్గర తిరువయ్యారులో ఉండి త్యాగరాజు రాసిన కీర్తనలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. చిక్కడపల్లి సభకు ఉన్నదీ ఆ త్యాగరాజు పేరే. తమిళ విద్వాంసులు అర్థం అడిగి తెలుసుకోవాల్సిన మాటలు కరవది కుర్రాడికి ఇంటి మాటలు.

గుర్తింపు

1977లో పద్మశ్రీ, అదే ఏడాది సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దానికి మించిన గౌరవం లేదంటారు. నాదస్వరం వాయించేవాళ్లకు అది దక్కడం అరుదు. ఇంత పేరొచ్చినా ఆయన పేరు ముందున్న షేక్ అలాగే ఉంది, చేతిలో నాదస్వరమూ అలాగే ఉంది.

తాను కష్టపడి తెచ్చుకున్న విద్యను దాచుకోలేదు. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు. మనవళ్లు ఖాసిం, బాబు అదే దారిలో నడిచారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

1999 ఏప్రిల్ 13న చిన మౌలానా కన్నుమూశారు. సంగీత కళానిధి అందుకుని అప్పటికి ఏడాది కూడా పూర్తి కాలేదు.

తొలిసారి మైకు ముందుకెళ్లే మన పిల్లలకు ఆయన జీవితంలో పనికొచ్చే సంగతి ఒకటుంది. సేలంలో జనం విన్నది ఒక్క సాయంత్రమే. దాని వెనక కరవది, చిలకలూరిపేట, నాచ్చియార్‌కోయిల్ ఉన్నాయి.