లూయీ షెవర్లే

పాత మోటారు బండ్లను వెదకి కొనువారు నేడును అనేక దేశములలో నున్నారు. వారిలో నొకడు 1920 ప్రాంతపు ఫోర్డు "టీ" కూపేను, అనగా పైకప్పును తలుపులును గల చిన్న బండిని, కొనబోవునపుడు మొదట బానెట్టు ఎత్తి ఇంజనును పరీక్షించును. దానిపై ఆ కాలముననే చేయబడిన "ఫ్రాంటి" సిలిండరు హెడ్డు ఉన్నయెడల అతని సంతోషమునకు మేరయుండదు. ఆ హెడ్డును లోకమునకిచ్చిన సోదరులలో పెద్దవాడు లూయీ షెవర్లే. అతని పేరు కోట్లకొలది బండ్లమీద కనబడుచున్నను, ఆ బండ్ల సిరిలో అతనికి పాలు లేకపోయెను.

లూయీ 1878వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసునాడు, స్విట్జర్లాండు దేశమందలి లా షో ద ఫోన్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము గడియారములకు ప్రసిద్ధి. తండ్రియు గడియారముల పనివాడే. కుటుంబము ఫ్రాన్సు దేశమందలి బోన్ పట్టణమునకు తరలిపోయిన పిమ్మట, బాలుడు సైకిళ్లు బాగుచేయుట నేర్చి, సైకిలు పందెములలోను పాల్గొనెను. 1900లో అతడు కెనడాకు ఓడనెక్కి, అచ్చటనుండి న్యూయార్కు చేరెను. 1905లో ఫియట్ బండి నడిపి పందెములలో పేరుగాంచెను. తరువాత బ్యూయిక్ సంస్థ పక్షమున పరుగిడి, దాని అధిపతియగు విలియం డ్యూరాంట్ మెప్పు పొందెను.

1911 నవంబరులో డ్యూరాంట్ అతనితో కలిసి నూతన సంస్థను స్థాపించి దానికి షెవర్లే అని పేరిడెను. వారి తొలి బండి ఆరు సిలిండర్లది. వెల 2,150 డాలర్లు. సామాన్యపు ఫోర్డు బండి వెల అందులో మూడవవంతునకు మించదు. డ్యూరాంట్ చవుక బండ్లను కోరెను. లూయీ శ్రేష్ఠమైన బండ్లనే కోరెను. పొత్తు చెడినది. లూయీ కొలది యేండ్లలోనే సంస్థను వీడి తన వాటాలను అమ్మివేసెను. పేరు మాత్రము సంస్థకే మిగిలెను. ఆ సంస్థ 1918లో జనరల్ మోటార్స్‌లో చేరి మిక్కిలి వర్ధిల్లెను.

లూయీ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తమ్ములగు ఆర్థరు, గాస్తొన్‌లతో ఫ్రాంటెనాక్ అను పేరున పందెపు బండ్లను నిర్మించెను. 1920లో ఇండియనాపొలిస్ నగరపు 500 మైళ్ల పందెమున గాస్తొన్ అన్న నిర్మించిన బండిలోనే గెలిచెను. ఆ సంతోషము ఆరు నెలలును నిలువలేదు. నవంబరులో కాలిఫోర్నియాయందలి బెవర్లీ హిల్స్ పందెములో గాస్తొన్ మృతినొందెను. తమ్ముని పోగొట్టుకొనిన లూయీ పందెములకు స్వస్తి చెప్పెనుగాని పనిముట్లను విడువలేదు. 1921లోను ఆ పందెమును ఫ్రాంటెనాక్ బండియే గెలుచుకొనెను. నడిపినవాడు టామీ మిల్టన్. లూయీ మాత్రము తాను స్వయముగా ఆ పందెమును ఎన్నడును గెలువలేదు.

అటుపిమ్మట ఆ సోదరులు సామాన్యుని బండివైపు దృష్టి త్రిప్పిరి. ఫోర్డు "టీ" ఇంజను బలము 20 గుఱ్ఱములు. దాని వాల్వులు సిలిండర్ల ప్రక్కనుండుటచేత ఇంధనవాయువు వంకరత్రోవను లోనికి పోవలసి యుండెను. ఫ్రాంటి హెడ్డు వాల్వులను సిలిండర్ల పైకి మార్చెను. వాయువు సులువుగా వచ్చి పోవుటచే బలము పెరిగెను. విశేష ధనము లేని యువకులును ఇట్టి బండ్లతో మట్టిబాటల పందెములలో పరుగిడగలిగిరి. 1923లో ఇండియనాపొలిస్‌లో ఫ్రాంటి ఫోర్డు ఒకటి ఘనమైన పందెపు బండ్ల నడుమ ఐదవదిగా చేరెను.

అయితే బలము పెరిగినంతమాత్రమున బండి సంపూర్ణము కాదు. ఫోర్డు "టీ"కి ముందు చక్రములకు బ్రేకులు లేవు. దాని క్రాంకు కడ్డీ సన్నము. నూనెను ఒత్తిడితో పంపు పంపును లేదు. కనుక వివేకియగు కొనుగోలుదారుడు హెడ్డు పగిలినదా, అది ఆ కాలపుదా లేక నేటి నకలా అని చూచుటయేగాక, క్రిందనున్న బేరింగులను, నిలుపు సాధనములను పరీక్షించిన పిమ్మటనే సొమ్ము చెల్లించును.

లూయీ జీవితమునకును ఇది సరిపోవును. అతని బుద్ధిబలమునకు కొదువలేదు. కాని దానిని నిలుపదగిన వ్యాపారపు నేర్పు లేకపోయెను. విమానపు ఇంజనుల పనియు నిలువలేదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యము మిగిలినదానిని హరించెను. 1941 జూన్ 6వ తేదీన, అరువదిరెండేండ్ల ప్రాయమున, అతడు ధనహీనుడై మరణించెను. ఇండియనాపొలిస్ నగరమున అతని సమాధి యున్నది.

విద్యార్థులారా, ఈ జీవితము ఓటమియేనా? తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మీరెరుగుదురు. లూయీ తనకీయబడినదానిని పాతిపెట్టలేదు. అతడు అమ్ముకొనిన పేరు పరులను ధనవంతులను చేసెను. అతని చేతిపని మాత్రము నేటికిని, పాత కూపే బానెట్టు క్రింద వెదకువానికి దొరకుచునే యున్నది. మీరును పనిని ప్రేమించుడి. దానితోకూడ వివేకమును అలవరచుకొనుడి.