నీలశిశువుల ఆప్తుడు వివియన్ థామస్

పుష్యమాసపు చలికి అరకు లోయలో అప్పుడే పుట్టిన బిడ్డ చేతులు, పాదాలు కొంత నీలివన్నె దాల్చుట వింత కాదు. పెదవులు, నాలుక కూడ నీలమైనచో గుండెలోనో ఊపిరితిత్తులలోనో దోషమున్నదని శంకింపవలెను. అట్టి హృదయదోషమొకదానిని 1888లో ఫాలో అను ఫ్రెంచి వైద్యుడు వివరించినాడు. జఠరికల నడుమ రంధ్రం. ఊపిరితిత్తులకు పోవు మార్గం ఇరుకు. మలినరక్తంలో కొంత శుద్ధి పొందకయే దేహమంతటా ప్రవహిస్తుంది.

ఈ దోషానికి తొలి చికిత్సను సాధ్యం చేసినవారిలో వడ్రంగిపని ఎరిగిన యువకుడొకడున్నాడు. వివియన్ థామస్ 1910లో అమెరికాలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించినాడు. వైద్యవిద్యకై కూడబెట్టిన సొమ్ము 1930లో బ్యాంకు దివాలాతో హరించిపోయినది. ఆ యేడే బ్లాలక్ అను శస్త్రవైద్యుని ప్రయోగశాలలో కుదిరినాడు. చేసినది పరిశోధన, జీతపు పట్టికలో మాత్రం ఊడ్చేవాని తరగతి!

1941లో ఇద్దరూ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కు వచ్చినారు. అక్కడి వైద్యురాలు హెలెన్ టాసిగ్ నీలశిశువుల ఊపిరితిత్తులకు అధికంగా రక్తం చేర్చు ఉపాయం కోరినది. చేతికి పోవు ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపి కుట్టుటయే ఆ ఉపాయం. కుక్కలపై పదేపదే ప్రయోగించి థామస్ దానిని సాధించినాడు. బ్లాలక్‌కు అంతటి అభ్యాసం లేదు. అందుచేత 1944 నవంబరు 29న, పదునైదు నెలల బాలికకు శస్త్రచికిత్స చేయునపుడు, థామస్ ఆయన వెనుక పీటపై నిలిచి, కుట్టు కుట్టుకూ సలహా చెప్పినాడు. ఆ బిడ్డ అప్పటికి కోలుకొన్నను కొన్ని నెలలకే మరణించినది. తరువాత చేసిన మరొక బాలునికి మాత్రం ధమనిపై బిగింపు వదలినంతనే పెదవుల నీలం మాయమైనది.

1945లో వెలువడిన వైద్యపత్రంలో బ్లాలక్, టాసిగ్ పేర్లే ఉన్నవి. థామస్ మరెందరో శస్త్రవైద్యులకు చేతిపని నేర్పినాడు. 1976లో ఆ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చినది. 1985లో మరణించినాడు. బ్లాలక్-టాసిగ్ అని వ్యవహరింపబడిన ఆ చికిత్సకు నేడు పలువురు థామస్ పేరును కూడ చేర్చి చెప్పుచున్నారు.