సూర్యకాంతం: హీరోయిన్ కావాలని మద్రాసు వెళ్లి.. 37 ఏళ్లకే అక్కినేనికి అత్తయ్యారు! తన పేరునే పోగొట్టుకున్న మహానటి కథ

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగేలోపు ఫోన్‌లో ఎన్ని రీల్స్ దాటిపోతాయో లెక్కే ఉండదు. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట ఓ బ్లాక్ అండ్ వైట్ క్లిప్ తగులుతుంది. నడుం మీద కుడి చెయ్యి, గాల్లో ఎడమ చెయ్యి, ముఖం నిండా విసుగు. సౌండ్ మ్యూట్‌లో ఉన్నా ఆవిడ ఎవరినో కడిగేస్తున్నారని అర్థమైపోతుంది. అత్తాకోడళ్ల మీమ్ ఏది చేసినా అందులో ఆ ముఖం ఉండాల్సిందే. ఆమే సూర్యకాంతం. చనిపోయి మూడు దశాబ్దాలు దాటినా ఇంకా అందరి ఫోన్లలో తిడుతూనే ఉన్నారు.

ఇంతకీ ఆమె మద్రాసు వెళ్లింది అత్త వేషాల కోసం కాదు. హీరోయిన్ కావాలని వెళ్లారు. మరి మధ్యలో ఏం జరిగింది?

కాకినాడ పిల్ల.. 14వ సంతానం

1924 అక్టోబర్ 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో సూర్యకాంతం పుట్టారు. తల్లిదండ్రులకు ఆమె 14వ సంతానం. ఆరేళ్లకే పాట, డ్యాన్స్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పట్లో కాకినాడ అంటే నాటకాల ఊరు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, రేలంగి లాంటి వాళ్లకు సినిమా కంటే ముందు అక్కడి స్టేజీయే పరిచయం. అదే గాలి సూర్యకాంతానికీ తగిలింది. ఆమె కూడా నాటకాల్లో వేషాలు వేశారు. మైక్ లేకపోయినా చివరి వరుసకు వినపడే గొంతు ఆ రోజుల్లోనే అలవాటైంది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు ఆమెకు అన్నం పెట్టింది ఆ గొంతే.

అయితే మనసు మాత్రం హిందీ సినిమా పోస్టర్ల మీద ఉండేది. గోడల మీద కనిపించే ఆ బొమ్మల్లో తనూ ఒకరు కావాలన్నది కల. బొంబాయి వెళ్లేందుకు డబ్బుల్లేవు. అందుకే మద్రాసు బండి ఎక్కారు.

65 రూపాయలు చాలవన్నారు

మద్రాసులో ఆమెకు దొరికిన తొలి చోటు జెమినీ స్టూడియో. ఎస్.ఎస్. వాసన్ భారీ ఖర్చుతో తీస్తున్న చంద్రలేఖ సినిమాలో డ్యాన్సర్‌గా తీసుకున్నారు. నెలకు 65 రూపాయల జీతం. కొత్తగా వచ్చిన అమ్మాయి, చేతిలో ఇంకో పని లేదు. ఎవరైనా నోరు మూసుకుని ఉంటారు. ఈమె మాత్రం చాలదని చెప్పేశారు. చివరికి జీతం 75 రూపాయలైంది.

చూడ్డానికి పది రూపాయలే. కానీ సూర్యకాంతం స్వభావం మొత్తం అందులోనే ఉంది. పని మీద ఎంత భక్తో, పనికి రావాల్సిన డబ్బు మీద అంత పట్టుదల. ఆ తర్వాత కూడా పారితోషికం విషయంలో ఆమె ఖచ్చితంగా ఉండేవారని ఇండస్ట్రీలో పేరు.

1946లో నారద నారది సినిమాలో చిన్న వేషం దొరికింది. అలాంటి చిన్న వేషాలతో కాలం గడపడం నచ్చక జెమినీ నుంచి బయటికొచ్చేశారు. అదే ఏడాది ఎల్.వి. ప్రసాద్ డైరెక్ట్ చేసిన గృహప్రవేశంలో చెప్పుకోదగ్గ పాత్ర వచ్చింది. ఇక తలుపులు తెరుచుకున్నట్టే అనిపించింది.

ఒక యాక్సిడెంట్.. ఒక మచ్చ

ఎదురుచూసిన రోజు రానే వచ్చింది. సౌదామిని సినిమాలో హీరోయిన్‌గా అవకాశం. కానీ అంతలోనే కారు ప్రమాదం. ముఖానికి దెబ్బ తగిలింది. అప్పట్లో హీరోయిన్ అంటే క్లోజప్, క్లోజప్ అంటే మచ్చలేని ముఖం. ఆ అవకాశం చేజారింది.

ఇక్కడితో చాలామంది కథ అయిపోతుంది. ఇంటికి తిరుగు టికెట్ కొనుక్కుంటారు. సూర్యకాంతం మాత్రం ఆగిపోలేదు. 1950లో ఎల్.వి. ప్రసాదే తీసిన సంసారం సినిమాలో గయ్యాళి అత్త వేషం వస్తే ఒప్పుకున్నారు. అప్పటికి ఆమె వయసు 26 కూడా పూర్తిగా నిండలేదు. ఆ సినిమాలో హీరోలు ఎన్టీఆర్, ఏఎన్నార్. ఎన్టీఆర్ ఆమె కంటే ఏడాదిన్నర పెద్ద. ఏఎన్నార్ అయితే సరిగ్గా అదే ఏడాది, ఆమె కంటే ఐదు వారాల ముందు పుట్టారు. వాళ్లిద్దరూ హీరోలు. ఈమె అత్త.

సంసారం హిట్ కొట్టింది. జనం ఆ అత్తను తిట్టుకుంటూ థియేటర్ల నుంచి బయటికొచ్చారు. నిర్మాతలకు అర్థమైపోయింది. ఇంట్లో గొడవ పెట్టాలంటే ఈమెను పెట్టుకుంటే చాలు!

వదులుకున్న బొంబాయి ఛాన్స్

ఆమె కథలో చాలామందికి తెలియని ఘట్టం ఇంకోటి ఉంది. చిన్నప్పుడు పోస్టర్లలో చూసిన బొంబాయి నుంచే ఒక నిర్మాత హీరోయిన్ వేషం ఇస్తానని వచ్చారు. యాక్సిడెంట్ లాక్కెళ్లింది మళ్లీ చేతికొచ్చినట్టే. కానీ అంతకుముందు అదే వేషానికి తీసుకున్న వేరే నటిని తప్పించి తనకు ఇస్తున్నారని తెలిసింది. వెంటనే వద్దనేశారు. ఒకరి ఉసురు పోసుకుని పైకి రావడం ఆమెకు ఇష్టం లేదు.

తెర మీద కోడలి నోటి ముందు కూడు లాక్కునే అత్త.. తెర వెనక ఇంకొకరి వేషం లాక్కోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. హీరోయిన్ అయ్యే అవకాశం ఆ తర్వాత ఆమె తలుపు తట్టలేదు.

అదే 1950లో హైకోర్టు జడ్జి పెద్దిభొట్ల చలపతిరావుతో ఆమె పెళ్లి జరిగింది. సొంత పిల్లలు కలగలేదు. అక్క కొడుకును దత్తత తీసుకుని పెంచుకున్నారు.

కొడుకు కంటే తల్లి చిన్నది!

1957లో వచ్చిన మాయాబజార్ గుర్తుందా? ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు గద ఊపుకుంటూ వస్తారు. ఆయన తల్లి హిడింబి ఎవరు? సూర్యకాంతమే. సినిమా రిలీజ్ నాటికి కొడుకు ఎస్వీఆర్ వయసు 38. తల్లి సూర్యకాంతం వయసు 32. అంత భారీ మనిషి ముందు నిలబడి అమ్మలా మందలిస్తుంటే చూసేవాళ్లకు ఎక్కడా తేడా కనిపించదు. గయ్యాళితనం లేకుండా, రాక్షస తల్లిగా ముద్దుగా కనిపించిన పాత్ర అది.

అదే ఏడాది వచ్చిన తోడికోడళ్ళులో మళ్లీ ఉమ్మడి కుటుంబంలో నిప్పు పెట్టే కోడలు. రేలంగి, రమణారెడ్డి, ఎస్వీఆర్.. ఎవరు భర్తగా ఉన్నా ఇంటి పెత్తనం మాత్రం ఆమెదే.

ఇంతకీ ఆమె నటనలో గుట్టు ఏంటి? ముందుగా ఆ ఎడమ చెయ్యి. మాట మొదలవకముందే చెయ్యి లేస్తుంది. మన ఇళ్లలో ఎడమ చెయ్యి చూపించి మాట్లాడటమే అమర్యాద. ఆ ఒక్క పనితో ఎదుటివాళ్లను సగం తిట్టేసినట్టే. రెండోది గొంతు. వాకిట్లో నిలబడ్డ చుట్టానికి తేనె పూసిన మాట, అదే ఊపులో వంటింట్లో ఉన్న సవతి కూతురికి కారం పూసిన మాట. మధ్యలో ఊపిరి తీసుకోరు. మూడోది, అందరికంటే ముఖ్యమైనది.. ఆమె చేసిన గయ్యాళులు ఆకాశం నుంచి ఊడిపడ్డ రాక్షసులు కారు. ప్రతి వీధిలో కనిపించే మనుషులు. పక్కింటి పిన్నిగారు, మేనత్త, ఇంటి ఓనరమ్మ. అందుకే జనానికి కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది.

1962.. ఆమె ఏడాది

1962 జూన్ 7న గుండమ్మ కథ విడుదలైంది. విజయా సంస్థ నాగిరెడ్డి, చక్రపాణి తీసిన సినిమా. డైరెక్టర్ కమలాకర కామేశ్వరరావు. ఎన్టీఆర్‌కు 100వ సినిమా, ఏఎన్నార్‌కు 99వ సినిమా. సావిత్రి, జమున, ఎస్వీఆర్, రమణారెడ్డి, ఛాయాదేవి.. ఎటు చూసినా స్టార్లే. అయినా టైటిల్ మాత్రం గుండమ్మది. ఇద్దరు టాప్ హీరోలు ఉన్న సినిమాకు ఒక క్యారెక్టర్ ఆర్టిస్ట్ పాత్ర పేరు పెట్టారంటే ఆమె స్థాయి ఏంటో ఊహించుకోవచ్చు.

ఇక్కడే అసలు లెక్క ఉంది. ఆ సినిమాలో గుండమ్మ కూతురు సరోజను పెళ్లి చేసుకునే అల్లుడు ఏఎన్నార్. రిలీజ్ నాటికి అల్లుడి వయసు 37. అత్తగారి వయసు కూడా 37! ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకరు కాలేజీ కుర్రాడిలా పాటలు పాడుతుంటే, ఇంకొకరు పెళ్లీడు కొచ్చిన పిల్లల తల్లిగా తాళాల గుత్తి పట్టుకుని తిరుగుతున్నారు. మన సినిమాల్లో మగవాళ్ల వయసుకు ఒక రూలు, ఆడవాళ్ల వయసుకు ఇంకో రూలు ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గుండమ్మను ఒకసారి జాగ్రత్తగా చూడండి. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటి చాకిరీ మొత్తం చేయిస్తుంది. సొంత కూతుర్ని మాత్రం కందిపోకుండా పెంచుతుంది. అయితే ఆమెలో ఓ అమాయకత్వం కూడా ఉంటుంది. కాస్త పొగిడితే కరిగిపోతుంది. ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తుంది. అందుకే పనివాడి వేషంలో వచ్చిన ఎన్టీఆర్ చేతిలో ఆటబొమ్మ అయిపోతుంది.

అదే ఏడాది చివర్లో రక్తసంబంధం వచ్చింది. అందులో అన్నాచెల్లెళ్లను విడదీసే కాంతమ్మ కూడా ఆమే. అక్కడ నవ్వు లేదు, అమాయకత్వం లేదు. నూటికి నూరు పాళ్లు విషం. ఐదు నెలల తేడాలో విడుదలైన రెండు సినిమాల్లో ఒకే ముఖంతో రెండు రకాల గయ్యాళితనం చూపించారు. అన్నీ ఒకే మూస అనుకునేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అదే 1962లో మంచి మనసులు, కులగోత్రాలు సినిమాల్లోనూ ఆమె ఉన్నారు.

సెట్‌లో అన్నపూర్ణ

తెర మీద ఎంత గయ్యాళో, బయట అంత మెత్తని మనిషి. షూటింగ్‌కు వచ్చేటప్పుడు ఇంటి నుంచి క్యారియర్ల నిండా వంటకాలు తెచ్చేవారు. పెద్ద హీరో, లైట్ బాయ్ అన్న తేడా లేకుండా పిలిచి వడ్డించేవారు. ఆమె చేతి తిండి తినని నటులు ఆ తరంలో తక్కువే. పది నిమిషాల క్రితం సావిత్రిని కెమెరా ముందు ఏడిపించిన చెయ్యే లంచ్‌లో అన్నం కలిపి పెట్టేది.

కానీ జనానికి కనిపించింది తెర మీద మనిషే. వీధిలో ఎదురుపడితే భయపడి పక్కకు తప్పుకున్న ఆడవాళ్లున్నారు. అన్నిటికంటే పెద్ద నష్టం పేరుకు జరిగింది. సూర్యకాంతం అంటే ఎంత మంచి పేరు! ఆమె రాకముందు ఎన్నో ఇళ్లలో ఆడపిల్లలకు ఆ పేరు ఉండేది. ఆమె వచ్చాక ఆ పేరు పెట్టడమే మానేశారు. నోరున్న అమ్మాయిని చూస్తే సూర్యకాంతంలా ఉందనడం మామూలైపోయింది. ఒక నటికి ఇంతకు మించిన అవార్డు ఉండదు. ఒక మనిషికి ఇంతకు మించిన శిక్షా ఉండదు. ఆమెకు రెండూ ఒకేసారి దక్కాయి.

చివరి వరకు నటిస్తూనే..

కలర్ సినిమాలు వచ్చాయి. తరం మారింది. దసరాబుల్లోడు, అందాలరాముడు లాంటి సినిమాల్లోనూ ఆమె కనిపించారు. పరిశ్రమ మెల్లగా మద్రాసు వదిలి హైదరాబాద్ చేరింది. ఆమె మాత్రం మద్రాసులోనే ఉండిపోయారు. 1994లో వచ్చిన చిరంజీవి సినిమా ఎస్పీ పరశురామ్ ఆమె చివరి సినిమాల్లో ఒకటి. అదే ఏడాది డిసెంబర్ 18న ఆమె కన్నుమూశారు. వయసు 70.

తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మహానటి సావిత్రి స్మారక పురస్కారం వచ్చింది. పద్మ అవార్డు మాత్రం రాలేదు.

గుండమ్మ కథను మళ్లీ తీయాలన్న మాట టాలీవుడ్‌లో చాలాసార్లు వినిపించింది. ఎన్టీఆర్ పాత్రకు బాలకృష్ణ, ఏఎన్నార్ పాత్రకు నాగార్జున అన్నారు. హీరోల విషయంలో సమస్య లేదు. ప్రతిసారీ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయింది.. గుండమ్మ ఎవరు? ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. 2019లో సూర్యకాంతం అన్న పేరుతోనే ఒక సినిమా వచ్చింది. అంటే ఆ పేరు ఇప్పటికీ ఒక స్వభావానికి గుర్తుగానే నడుస్తోంది.

గుండమ్మ కథ చివర్లో ఒక ఘట్టం ఉంది. అంతమందిని ఆడించిన గుండమ్మ, ఛాయాదేవి చేసిన దుర్గమ్మ చేతిలో సొంత ఇంట్లోనే బందీ అవుతుంది. అన్నం కోసం, మనిషి కోసం అల్లాడుతుంది. అప్పుడు ఆమెను కాపాడటానికి వచ్చేది, చిన్నప్పటి నుంచి తాను ఏడిపించిన సవతి కూతురు లక్ష్మే. ఆ ఒక్క చూపులో సూర్యకాంతం సిగ్గు, పశ్చాత్తాపం, ప్రేమ అన్నీ చూపిస్తారు. అంతవరకు తిట్టుకున్న జనం అక్కడ ఆమెను క్షమించేస్తారు.

మీమ్స్‌లో తిరిగేది తిట్టే గుండమ్మే. ఈ ఘట్టం ఎవరూ కట్ చేసి పెట్టరు. ఈసారి యూట్యూబ్‌లో సినిమా కనిపిస్తే చివరి పదిహేను నిమిషాలు స్కిప్ చేయకుండా చూడండి. హీరోయిన్ కావాలని కాకినాడ నుంచి బయల్దేరిన అమ్మాయి ఏం సాధించిందో అక్కడ కనిపిస్తుంది.